నూటపాతిక రూపాయల బిళ్ళ

గెరైంట్ దాన్ని కార్డిఫ్ నాణేల సంతలో కొన్నాడు,
పద్దెనిమిది పౌన్లు పెట్టి.
అంచులే పట్టుకో, అన్నాడు,
వేలిముద్ర పడితే ధర పడిపోతుంది.
ముఖవిలువ నూటపాతిక రూపాయలు.
ఏ కొట్లోనూ ఇచ్చేవాడు లేడు,
దానికి చిల్లర అడిగినవాడు పుట్టలేదు.

ఒక వైపు సింహాలు. రెండో వైపు కళ్ళజోడు పెద్దాయన.
మీ దేశంలో గణాంకాలకి బాట వేసినవాడట,
నీకు తెలిసే ఉంటుందిగా?
తెలుసు. కాకినాడలో, డిగ్రీ రెండో ఏడు,
ఆయన పేరుతో ఒక సూత్రం, పది మార్కులు.
మొహం చూడటం మాత్రం ఇదే.
పద్ధతి ప్రకారం సింహాలున్న వైపే బొమ్మ,
అంటే ఆయన బొరుసు.
మన ఉద్యోగానికి తగిన వైపే, అని నవ్వాడు గెరైంట్.

మా ఉద్యోగం న్యూపోర్ట్ వీధుల్లో తలుపులు కొట్టడం.
మెళ్ళో గుర్తింపు కార్డు, సంచిలో టాబ్లెట్, నెత్తిన వాన.
చిరునామాలు కంప్యూటర్ ఇస్తుంది, కళ్ళు మూసుకుని.
తీయని తలుపు వదిలేసి పక్క తలుపు కొట్టకూడదు.
పక్కింటావిడ పిలిచి టీ ఇస్తానన్నా సరే,
ఆవిడ మన మెతుకు కాదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చాలంటారు.
పెళ్ళిళ్ళకి గుండిగలతో వండిన మా మేనత్త వెంకాయమ్మ
ఆ మాట ఎప్పుడూ ఒప్పుకోలేదు.
తెడ్డు అడుగుదాకా దించి, బాగా కలియబెట్టి,
అప్పుడు పట్టుకునేది మెతుకు.
పైమెతుకు పైసంగతే చెబుతుందే పిల్లా,
అడుగున మాడింది దానికేం తెలుసు?
బిళ్ళ మీది పెద్దాయన చేసిందీ అదే అనుకుంటా,
తెడ్డు కాస్త పొడుగు.

సోమవారం దాకా ఉంచుకోమని అరువిచ్చాడు.

పిల్ పేటలో నలభై ఒకటో నంబరు, మూడోసారి.
ఎప్పుడెళ్ళినా తెర కదులుతుంది, తలుపు కదలదు.
ఈసారి గొలుసంత సందు.
సందులో మిసెస్ ప్రాసర్, ఎనభై దాటి ఉంటాయి.
ఇన్ని ఇళ్ళుండగా నేనే ఎందుకు?
ఎవరూ ఎంచలేదండీ, అలా పడిందంతే, అంటూ
డబ్బీ విప్పి తీసి చూపించాను, ఉత్త వేళ్ళతోనే.
ఆవిడ సందులోంచి చెయ్యి చాచి తడిమింది.
ఎవరీయన?
ఇల్లిల్లూ తిరక్కుండా దేశం ఆకలి లెక్కగట్టే దారి వెతికినవాడు.
అయితే ఎగరెయ్యి. మనిషి పడితే లోపలికి రా,
జంతువులు పడితే ఇంటికి పో.

ఎగరేశాను. చలికి కొంకర్లు పోయిన వేళ్ళు,
పట్టు తప్పి, గడప మీద ఖణేల్మని,
తలుపు సందులోంచి దొర్లుకుంటూ
నాకంటే ముందు లోపలికి పోయింది బిళ్ళ.
గొలుసు తీయక తప్పలేదు ఆవిడకి.

రేడియేటర్ కింద గొడుగు కొనతో కెలికాం.
ఒక కోటు గుండీ, ఎండిన బఠాణీ,
ఎప్పటిదో బస్సు టికెట్టు,
చివరికి ఆయన.
ఏ వైపు పడ్డాడో ఇద్దరం చూడలేదు.

ప్రశ్నలు నలభై రెండు. ముప్ఫై ఏడోది:
గడిచిన ఏడు రోజుల్లో ఎంతమందితో ముఖాముఖి మాట్లాడారు?
ఆవిడ గుప్పిలి తెరిచింది, మూసింది.
నువ్వు లెక్కలోకి వస్తావా?
మా నియమాల పుస్తకం, పదకొండో పేజీ:
ప్రశ్నలడిగే మనిషిని లెక్కించరాదు.
సున్నా చుట్టాను.

తర్వాత టాబ్లెట్ ఆపేసి అక్కడే కూర్చున్నాను,
రెండో టీ అయ్యేదాకా.
అది ఎక్కడా నమోదు కాలేదు.

సోమవారం గెరైంట్ భూతద్దం పెట్టి చూశాడు.
పెద్దాయన కళ్ళజోడు మీద ఒక ముద్ర, నాది.
చెవి పక్కన ఇంకొకటి,
గీతలు అరిగిపోయి, సన్నగా.
పది పౌన్లు గోవిందా, అని
సొరుగులోంచి మెత్తని గుడ్డ తీశాడు.
ఆగు, అన్నాను,
ఆ పదీ నేనిస్తాను.